పంపినవారి వరుసలో తప్పులు: ఈమెయిల్ హెడర్లు స్పామ్‌ను ఎలా పట్టిస్తాయి, ఎక్కడ పొరబడతాయి

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణం ఉందనుకుందాం. మిర్చి కొన్న కంపెనీకి రోజూ సాయంత్రం తక్‌పట్టీల (అమ్మకం లెక్క చీటీల) నకళ్లు ఈమెయిల్‌లో పోతాయి. వారం రోజులుగా అవి అవతలివాళ్ల స్పామ్ ఫోల్డర్‌లో పడుతున్నాయి. ఫోన్ చేసి అడిగితే "మెయిలే రాలేదు" అంటున్నారు. అదే దుకాణం ఇన్‌బాక్స్‌లోకి మాత్రం, బ్యాంకు పేరు పెట్టుకుని "మీ కేవైసీ గడువు ముగిసింది" అంటూ ఒక దొంగ మెయిల్ ఏ అడ్డూ లేకుండా వచ్చింది. అసలుది ఆగింది, దొంగది దాటింది. రెండుసార్లూ ఫిల్టర్ ముందుగా చూసింది ఒకే చోటు: ఈ మెయిల్ ఎవరు పంపారో చెప్పే హెడర్ వరుసలు.

ఈ తికమక ఈ మధ్యే పెరిగింది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పంపేవాళ్ల మీద నిబంధనలు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5000, అంతకు మించి మెయిళ్లు పంపేవాళ్లకు గట్టి షరతులు పెట్టారు. అయితే హెడర్లు ప్రమాణం ప్రకారం ఉండాలన్న షరతు రోజుకు పది మెయిళ్లు పంపేవాళ్లకూ వర్తిస్తుంది. 2025 మే 5 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా ఔట్‌లుక్ ఖాతాల విషయంలో అదే దారి పట్టింది. అప్పటిదాకా ఎలా పంపినా చేరిన ఫీజు రసీదులు, ల్యాబ్ రిపోర్టులు, బిల్లులు ఒక్కసారిగా ఆగిపోవడంతో హన్మకొండ కోచింగ్ సెంటర్ నుంచి మంచిర్యాల ల్యాబ్ దాకా "మా మెయిల్‌లో తప్పేముంది?" అన్న ప్రశ్న మొదలైంది.

చదివే ముందు ఒక మాట. ఈమెయిల్ చిరునామాలు సాధారణంగా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఇక్కడ వాటిని తెలుగు లిపిలో చూపిస్తున్నాం. ఉదాహరణల్లోని పేర్లు, చిరునామాలు అన్నీ ఊహించినవే.

కవరు మీద ఒక పేరు, ఉత్తరంలో ఇంకో పేరు

తపాలా ఉత్తరానికి రెండు చోట్ల పేరు ఉంటుంది. కవరు వెనుక "పంపినవారు" అని రాస్తాం. లోపల కాగితం చివర సంతకం చేస్తాం. పోస్ట్‌మన్‌కు కవరు ఒక్కటే కనిపిస్తుంది, చదివేవాళ్లు సంతకాన్ని చూస్తారు. రెండూ ఒకటే కావాలన్న నియమం లేదు. కొడుకు పోస్టు చేసిన కవరులో తండ్రి రాసిన ఉత్తరం ఉండొచ్చు.

ఈమెయిల్ కూడా అంతే. ఒక సర్వర్ ఇంకో సర్వర్‌తో మాట్లాడేటప్పుడు మూడు మాటలు నడుస్తాయి. "నేను ఫలానా యంత్రాన్ని" అని పలకరింపు, "ఇది ఫలానా చిరునామా నుంచి" అని కవరు పంపినవారు, "ఫలానావారికి" అని కవరు అందుకునేవారు. ఆ తర్వాతే అసలు ఉత్తరం దిగుతుంది. ఉత్తరం పైభాగంలో ఫ్రమ్, టు, డేట్, సబ్జెక్ట్, మెసేజ్-ఐడీ (ఒక్కో మెయిల్‌కు విడిగా ఉండే గుర్తింపు) అనే వరుసలుంటాయి. వీటినే హెడర్లు అంటాం. మన ఫోన్‌లో కనిపించే పేరు ఈ ఫ్రమ్ వరుసలోది. కవరు మీది చిరునామాను మెయిల్ చేరిన చివరి సర్వర్ రిటర్న్-పాత్ అన్న వరుసగా పైన అతికిస్తుంది. మామూలుగా అది మన కంటపడదు.

ఫ్రమ్‌లో ఒకటి, రిటర్న్-పాత్‌లో ఇంకొకటి ఉంటే దొంగ మెయిల్ అని చాలామంది అనుకుంటారు. అది తొందరపాటు. రైల్వే టికెట్ల నుంచి కరెంటు బిల్లుల దాకా పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవాళ్లు వేరే కంపెనీ సర్వర్లను అద్దెకు వాడుకోవడం మామూలే. అప్పుడు కవరు మీద ఆ కంపెనీ చిరునామా ఉంటుంది. అసలు కవరు మీద చిరునామాయే లేకపోవడం కూడా నేరం కాదు. "మీ మెయిల్ చేరలేదు" అని తిరిగొచ్చే సమాచారాన్ని ఖాళీ కవరుతోనే పంపాలి. చిరునామా పెడితే రెండు సర్వర్లు ఒకదానికొకటి "చేరలేదు, చేరలేదు" అని ఆగకుండా పంపుకుంటూ కూర్చుంటాయి. ఖాళీ కవర్లన్నింటినీ ఆపే ఫిల్టర్ పెట్టుకున్నవాళ్లకు తమ మెయిల్ చేరలేదన్న కబురు ఎప్పటికీ అందదు.

ఫ్రమ్ వరుసకు ఉన్న వ్యాకరణం

ఈ వరుసల రూపాన్ని మొదట 1982లో ఆర్‌ఎఫ్‌సీ 822 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం స్థిరపరిచింది. ఇప్పుడు నడుస్తున్నది 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5322. దాని ప్రకారం ప్రతి మెయిల్‌కూ తప్పనిసరిగా ఉండాల్సిన హెడర్లు రెండే: ఫ్రమ్, డేట్. మెసేజ్-ఐడీ ఉండాలని గట్టిగా సూచించింది కానీ తప్పనిసరి చేయలేదు. ఒక్కో వరుస 998 అక్షరాలు దాటకూడదు, 78 లోపు ఉంటే మంచిది. ఫ్రమ్ వరుస ఒక్కసారే రావాలి. అందులో ఇద్దరి చిరునామాలు ఉంటే, నిజంగా పంపింది ఎవరో చెప్పే సెండర్ అనే వరుస అదనంగా ఉండి తీరాలి.

ఫ్రమ్ వరుసలో మామూలుగా రెండు భాగాలు. ముందు కనిపించే పేరు, తర్వాత కోణపు బ్రాకెట్లలో చిరునామా:

ఫ్రమ్: రమేశ్ <రమేశ్@దుకాణం.ఇన్>

ఇంతవరకూ సులువే. చిక్కంతా ఈ కనిపించే పేరుతో వస్తుంది.

మన పేర్లలోని చుక్కలు, కామాలు, బ్రాకెట్లు

కామా, చుక్క, గుండ్రటి బ్రాకెట్, కోలన్, సెమీకోలన్, @ గుర్తు. ఇవి ఈ వ్యాకరణంలో ప్రత్యేకమైన పనులున్న గుర్తులు. కామా అంటే "ఒక చిరునామా అయిపోయింది, ఇంకోటి మొదలవుతోంది" అని అర్థం. గుండ్రటి బ్రాకెట్లలో ఉన్నదంతా వ్యాఖ్య, చదివే యంత్రం దాన్ని వదిలేయొచ్చు. చుక్కకు పేరులో చోటే లేదు. పాత మెయిళ్లను చదవడం కోసం మాత్రం దాన్ని సహించమన్నారు. వీటిని పేరులో వాడాలంటే పేరు మొత్తాన్ని జంట కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి.

ఇప్పుడు మన పేర్లు చూడండి. ఇంటిపేరు మొదటి అక్షరం, చుక్క, తర్వాత పేరు. తెలుగువాళ్లలో చాలామంది ఇలాగే రాసుకుంటారు. దుకాణాలైతే పేరు పక్కన కామా పెట్టి ఊరు, బ్రాకెట్లలో మార్కెట్ పేరు చేరుస్తాయి. అడ్తి దుకాణం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో "సంస్థ పేరు" గడిలో ఏం నింపితే అది ఫ్రమ్ వరుసలోకి యథాతథంగా పోతుంది:

ఫ్రమ్: కె. రమేశ్, శ్రీ భద్రకాళి ట్రేడర్స్ (ఏనుమాముల) <బిల్లు@దుకాణం.ఇన్>

మనిషి కంటికి ఇందులో ఏ లోపమూ లేదు. యంత్రం మాత్రం ఇలా చదువుతుంది. కామా దగ్గర ఆగి, "కె. రమేశ్" అన్నది మొదటి చిరునామా అనుకుంటుంది. అందులో @ లేదు, దాని తర్వాత రావాల్సిన డొమైన్ (సంస్థ ఇంటర్నెట్ పేరు) లేదు, పైగా చుక్క ఉంది. అంటే చెల్లని చిరునామా. కామా తర్వాతిది రెండో చిరునామా. "ఏనుమాముల" వ్యాఖ్యగా జారిపోతుంది. చివరికి తేలేది ఏమిటంటే ఫ్రమ్‌లో ఇద్దరున్నారు, ఒకరి చిరునామా చెల్లదు, సెండర్ వరుస లేదు. కొన్ని సర్వర్లు ఆ మొదటిదానికి తమ సొంత డొమైన్ తగిలించి, లేని మనిషిని పుట్టిస్తాయి కూడా. ఇదే వరుసను జీమెయిల్‌కు పంపితే, ఫ్రమ్‌లో ఒకటికి మించి చిరునామాలున్న మెయిళ్లు తీసుకోబోమని 550 5.7.1 సంకేతంతో తిప్పి పంపే అవకాశం ఉంది. సొంత సర్వర్ నడుపుకునే కంపెనీలు చాలావరకు తిప్పి పంపవు. మార్కులు వేసి స్పామ్‌లో పడేస్తాయి.

సరిచేయడానికి కావాల్సింది రెండు గుర్తులు:

ఫ్రమ్: "కె. రమేశ్, శ్రీ భద్రకాళి ట్రేడర్స్ (ఏనుమాముల)" <బిల్లు@దుకాణం.ఇన్>

జీమెయిల్, ఔట్‌లుక్ లాంటివి ఈ కొటేషన్లను వాటంతట అవే పెడతాయి. అందుకే చేత్తో పంపిన మెయిల్ చేరుతుంది, సాఫ్ట్‌వేర్ పంపింది చేరదు. "అదే చిరునామా, అదే ఊరు, ఒకటి పోతోంది ఒకటి పోవట్లేదు" అన్న ఫిర్యాదుకు తరచూ కారణం ఇదే. ఇందులో మోసం లేదు. ప్రోగ్రామ్ రాసినవాళ్లు పేరంటే రెండు ఇంగ్లీషు మాటలు, మధ్యలో ఒక ఖాళీ అనుకుని రాశారు. మన పేర్లు అలా ఉండవు.

తెలుగు పేరు మెయిల్‌లో ఎలా ప్రయాణిస్తుంది

హెడర్లు పుట్టిన కాలానికి కంప్యూటర్‌కు తెలిసినవి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు. తెలుగు అక్షరాన్ని నేరుగా హెడర్‌లో పెట్టడం పాత పద్ధతిలో తప్పే. 2012లో వచ్చిన కొత్త ప్రమాణాలు దానికి అనుమతిస్తాయి కానీ దారిలోని సర్వర్లన్నీ వాటిని ఒప్పుకోవాలి. కాబట్టి ఇప్పటికీ నడిచే ఏర్పాటు 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047దే. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల మూటగా కట్టి పంపుతారు, అవతల విప్పుతారు.

మూట ముందు భాగం ఇది ఏ లిపి సంకేతమో, ఏ పద్ధతిలో కట్టారో చెబుతుంది. యూటీఎఫ్-8, బేస్64 అని రాసే ఆ ముందు భాగానికి 10 అక్షరాలు, చివర ముడికి 2 అక్షరాలు పడతాయి. ఒక మూట మొత్తం 75 అక్షరాలు దాటకూడదు. మిగిలింది 63. బేస్64 నాలుగేసి అక్షరాల గుంపులుగా నడుస్తుంది కనుక అందులో వాడుకోగలిగింది 60. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. అవి బేస్64లో 4 అక్షరాలవుతాయి. అంటే ఒక మూటలో పట్టేది 15 తెలుగు సంకేతాలు, అంటే 45 బైట్లు.

సంకేతం అంటే మనం అనుకునే అక్షరం కాదు. "వరంగల్"లో వ, ర, సున్న, గ, ల, పొల్లు కలిపి 6 సంకేతాలు. 18 బైట్లు, 24 బేస్64 అక్షరాలు. హాయిగా ఒక మూటలో సరిపోతుంది. "శ్రీ భద్రకాళి ట్రేడర్స్" తీసుకుందాం. "శ్రీ"లో 4, "భద్రకాళి"లో 8, "ట్రేడర్స్"లో 9, మొత్తం 21 సంకేతాలు. అవి 63 బైట్లు, రెండు ఖాళీలకు ఒక్కో బైటు, వెరసి 65. ఒక మూట చాలదు, రెండు కట్టాలి. ఒక్కో మూటలో సంకేతాలు పూర్తిగా ఉండాలన్నది నియమం. లెక్క చూసుకోని ప్రోగ్రామ్ సరిగ్గా 45వ బైటు దగ్గర కోస్తుంది. 45వ బైటు "ట్రే"లోని రకారంలో మొదటి ముక్క. ఆ ఒక్క బైటు మొదటి మూటలో, మిగతా రెండూ రెండో మూటలో పడతాయి. కొన్ని యాప్‌లు రెండు మూటలనూ కలిపి విప్పి సర్దుకుంటాయి. విడివిడిగా విప్పే యాప్‌లో "ట్రేడర్స్" మధ్యలో నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం వస్తుంది. చెల్లని బైట్లున్న హెడర్ అని ఫిల్టర్ ఒక మచ్చ పెడుతుంది.

ఫిల్టర్ రాసేవాళ్లు ఇక్కడ ఒక తేడా గమనించాలి. పేరులో ఇంగ్లీషు అక్షరాలే ఉన్నా బేస్64 మూట కట్టి పంపడం నిజంగానే అనుమానించాల్సిన పని. ఆ అక్షరాలకు మూట అక్కర్లేదు. "లాటరీ", "లోన్" లాంటి మాటలను ఫిల్టర్ కంటపడకుండా దాచడానికి స్పామర్లు అలా చేస్తారు. స్పామ్‌అసాసిన్ అనే ప్రసిద్ధ ఫిల్టర్‌లో ఇలా అనవసరంగా మూట కట్టడాన్ని పట్టే నియమం ప్రత్యేకంగా ఉంది. తెలుగు, ఉర్దూ, హిందీ పేర్లకు మాత్రం మూట తప్పనిసరి. మూట కనిపించగానే మార్కు వేసే నియమాన్ని ఎవరైనా సొంతంగా రాసుకుంటే, తమ భాషలో పేరు రాసుకున్న ప్రతి మనిషినీ అనుమానితుడిని చేసినట్టే. విప్పి చూడాలి. విప్పకుండానే కొంత తెలుస్తుంది కూడా. తెలుగు బైట్లు మూటలో మొదలయ్యే చోట 4 అంకె, దాని పక్కన ఎల్ అక్షరం వస్తాయి. పదాల మధ్య ఖాళీ వచ్చేదాకా ప్రతి నాలుగు అక్షరాలకూ అదే జంట తిరిగి కనిపిస్తుంది.

స్పామర్లు ఎందుకు తప్పులు చేస్తారు

మామూలు మెయిల్ సాఫ్ట్‌వేర్ ఏళ్ల తరబడి సానబెట్టింది. స్పామ్ పంపే స్క్రిప్టు హడావుడిగా రాసింది, లక్షల మెయిళ్లు తోయడానికి రాసింది. హెడర్ల మీద శ్రద్ధ ఉండదు. డేట్ పెట్టడం మరిచిపోతుంది. మెసేజ్-ఐడీలో @ తర్వాత డొమైన్ బదులు లోకల్‌హోస్ట్ ("ఇదే కంప్యూటర్" అని అర్థం) అని మిగిలిపోతుంది. పేరు నింపాల్సిన చోట ఖాళీ గడి గుర్తు అలాగే వెళ్లిపోతుంది. డేట్ వరుసలో వారం ఒకటి, తేదీ ఇంకొకటి ఉంటాయి. తపాలా భాషలో చెప్పాలంటే, హన్మకొండ అని రాసి పక్కన 505001 పిన్ కోడ్ వేసినట్టు. హన్మకొండది 506001, 505001 కరీంనగర్‌ది. ఊరు తెలిసినవాడు చేయని తప్పు అది.

ఇంకొన్ని తప్పులు మరపువల్ల వచ్చేవి కావు, కావాలని చేసేవి. ఒకే మెయిల్‌లో రెండు ఫ్రమ్ వరుసలు పెట్టడం అందులో ప్రమాదకరమైంది. తనిఖీ చేసే సర్వర్ ఒకదాన్ని చూసి "సరే" అంటుంది. ఫోన్‌లోని యాప్ రెండోదాన్ని చూపిస్తుంది. ఒకే వరుసను రెండు ప్రోగ్రామ్‌లు రెండు రకాలుగా చదవడమే ఈ మోసానికి పెట్టుబడి. 2017లో బయటపడిన మెయిల్‌స్ప్లాయిట్ అనే లోపాల గుంపు కూడా ఇలాంటిదే. బేస్64 మూటలో కంటికి కనిపించని శూన్య సంకేతాన్ని, కొత్త వరుస సంకేతాన్ని దాచి పంపేవారు. మూట విప్పిన యాప్ అక్కడితో చదవడం ఆపేసి, మిగతా అసలు చిరునామాను మింగేసేది. మామూలు కామా తప్పుకూ దీనికీ పోలికే లేదు. కనిపించే పేరులో శూన్య సంకేతం పెట్టాల్సిన అవసరం ఏ నిజాయితీపరుడికీ రాదు.

కనిపించే పేరులోనే ఇంకో ఈమెయిల్ చిరునామా పెట్టడం చిన్న ఫోన్ తెరకోసం పన్నిన ఎత్తు:

ఫ్రమ్: "అలర్ట్స్@మీబ్యాంకు.బ్యాంక్.ఇన్" <సేవ2291@ఎక్కడిదో.కామ్>

వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పే లేదు, కొటేషన్లు కూడా పెట్టారు. తెరమీద మాత్రం మొదటి భాగమే కనిపిస్తుంది. పేరులోని చిరునామాకూ బ్రాకెట్లలోని చిరునామాకూ డొమైన్ కలవకపోవడం మంచి ఫిల్టర్లు వెతికే గుర్తు.

రిసీవ్డ్ వరుసలను కింది నుంచి పైకి చదవాలి

మెయిల్ దాటిన ప్రతి సర్వరూ పైన ఒక రిసీవ్డ్ వరుస చేరుస్తుంది, పోస్టాఫీసు ముద్రలాగా. కాబట్టి అన్నిటికంటే కింద ఉన్నది మొదటిది. వీటిలో మనం నమ్మగలిగింది మన సర్వర్ వేసిన ముద్రనే. అంతకు కిందివాటిని పంపినవాడే నకిలీగా రాసి ఉండొచ్చు. గొలుసులో కాలం వెనక్కి నడవడం, ఒక వరుసలో "ఫలానాకు ఇచ్చాను" అన్న పేరు పై వరుసలో "ఫలానా నుంచి తీసుకున్నాను" అన్న చోట కలవకపోవడం నకిలీ ముద్రల లక్షణాలు.

సమయాల దగ్గర తెలిసినవాళ్లు కూడా పొరబడతారు. జీమెయిల్ సర్వర్లు తమ ముద్రను అమెరికా పశ్చిమ తీరపు సమయంలో వేస్తాయి. 09:15 పక్కన -0700 అని ఉంటే, ప్రపంచ ప్రామాణిక సమయం 16:15, మన సమయం రాత్రి 9:45. నిజామాబాద్ నుంచి వచ్చిన మెయిల్‌లో -0700 చూసి అమెరికా నుంచి పంపారని అనుకోనక్కర్లేదు. డేట్ వరుసలో +0530 ఉండి, రిసీవ్డ్‌లో -0700 ఉన్నా లెక్క కలిస్తే చాలు. ఎనిమిది పది గంటల ముందున్న తేదీ, అదీ భవిష్యత్తులోది, అనుమానం పుట్టించాలి. 1970 జనవరి 1 తేదీ వస్తే మాత్రం ముందు గోడమీది సీసీ కెమెరా పెట్టెను చూడండి. గడియారం సున్నాకు పడిపోయిన యంత్రాలు ఆ తేదీతోనే అలర్టులు పంపుతాయి.

హెడర్లన్నీ సరిగా ఉన్న దొంగ

వ్యాకరణం కలిసినంత మాత్రాన పంపినవాడు నిజమైనవాడని తేలదు. దానికోసం వచ్చినవి మూడు తనిఖీలు. ఎస్‌పీఎఫ్ అనేది "మా డొమైన్ పేరుతో ఈ సర్వర్లే మెయిల్ పంపాలి" అని డొమైన్ యజమాని బహిరంగంగా ప్రకటించే జాబితా. ఇది కవరు మీది చిరునామాను చూస్తుంది. డీకిమ్ అనేది మెయిల్ మీద వేసే డిజిటల్ ముద్ర. దారిలో ఎవరైనా మారిస్తే ముద్ర చెడిపోతుంది. డీమార్క్ మూడోది. మనిషికి కనిపించే ఫ్రమ్ డొమైన్, పై రెంటిలో నెగ్గిన డొమైన్‌తో కలుస్తుందా అని చూస్తుంది. కలవకపోతే ఏం చేయాలో యజమానే చెబుతాడు: ఊరికే గమనించాలా, పక్కన పెట్టాలా, తిప్పి పంపాలా. ఫ్రమ్‌లో ఇద్దరుంటే ఎవరి డొమైన్‌తో పోల్చాలో డీమార్క్‌కు అర్థం కాదు. అడ్తి దుకాణం కామా ఇక్కడ మరోసారి దెబ్బతీస్తుంది.

ఈ మూడూ దొంగకు అందనివి కావు. ఎమ్ అక్షరం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టి బ్యాంకు పేరును పోలిన డొమైన్ కొంటాడు. దానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అన్నీ పద్ధతిగా పెట్టుకుంటాడు. అన్ని తనిఖీలూ నెగ్గుతాయి. ఎందుకంటే అవి "ఈ డొమైన్‌వాడే పంపాడా?" అనే అడుగుతాయి. "ఈ డొమైన్ బ్యాంకుదా?" అని అడగవు.

ఆ రెండో ప్రశ్నకు మన దేశంలో ఒక జవాబు వచ్చింది. బ్యాంకులకు మాత్రమే ఇచ్చే బ్యాంక్.ఇన్ డొమైన్‌ను రిజర్వ్ బ్యాంకు తెచ్చింది. దాని నమోదు బాధ్యత హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థది. 2025 అక్టోబర్ 31 లోగా మారాలని బ్యాంకులకు గడువు పెట్టారు. చిరునామా చివర్న ఈ రెండు మాటలుంటే వాటిని బయటివాళ్లు కొనలేరు. అయితే వెబ్‌సైటు మారినంత మాత్రాన మెయిల్ పంపే యంత్రాలన్నీ అదే రోజు మారాలని లేదు. కనుక పాత డొమైన్‌తో వచ్చిన ప్రతి బ్యాంకు మెయిల్‌నూ దొంగది అనలేం. ఈ రెండు మాటలు కనిపించే పేరులో ఉన్నా, డొమైన్ మొదట్లో ఉన్నా విలువ లేదు. @ తర్వాతి భాగంలో చిట్టచివర ఉండాలి.

మరోవైపు, ఈ తనిఖీల్లో ఓడినవన్నీ దొంగవీ కావు. కాలేజీ చిరునామాకు వచ్చిన మెయిల్ సొంత జీమెయిల్‌కు దానంతటదే ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకుంటే, దాన్ని అందించేది కాలేజీ సర్వర్. అసలు పంపినవారి జాబితాలో ఆ సర్వర్ ఉండదు, ఎస్‌పీఎఫ్ ఓడుతుంది. ఎస్‌పీఎఫ్ జాబితాలు రెండు రాసిపెట్టినా, జాబితా చదవడానికి పదికి మించి వెతుకులాటలు అవసరమైనా ఆ జాబితా మొత్తం చెల్లదు. బిల్లింగ్ కంపెనీ ఇచ్చిన వరుసను పాతదాంట్లో కలపకుండా పక్కన ఇంకోటిగా పెట్టేసే పొరపాటు చిన్న సంస్థల్లో ఎక్కువ.

ఒక్క తప్పు ఎంత చెబుతుంది? చిన్న లెక్క

లెక్క అర్థం కావడానికి అంకెలు మనమే అనుకుందాం. ఒక సర్వర్‌కు 1000 మెయిళ్లు వచ్చాయి. 600 స్పామ్, 400 మంచివి. కొటేషన్ లేని చుక్క, కామా తప్పు స్పామ్‌లో 30 మెయిళ్లలో, మంచివాటిలో 16 మెయిళ్లలో ఉంది. ఆ తప్పున్న 46లో స్పామ్ 30, అంటే 65 శాతం. ఏమీ చూడకుండా కళ్లు మూసుకుని తీసినా 60 శాతం స్పామే. ఈ తప్పు మనకు చెప్పింది దాదాపు ఏమీ లేదు. డేట్ లేకపోవడం స్పామ్‌లో 48 మెయిళ్లలో, మంచివాటిలో 2 మెయిళ్లలో ఉందనుకోండి. 50లో 48, అంటే 96 శాతం. ఇది బలమైన గుర్తు. అప్పుడు కూడా ఆ రెండు మంచి మెయిళ్లు ఆసుపత్రి ల్యాబ్ యంత్రం పంపిన రిపోర్టులు అయి ఉండొచ్చు.

అందుకే స్పామ్‌అసాసిన్ లాంటివి ఒక్క తప్పుతో తీర్పు చెప్పవు. ఒక్కో తప్పుకు కొన్ని మార్కులు వేస్తాయి, మంచి గుర్తులకు తీసేస్తాయి. మొత్తం 5 చేరితే స్పామ్ అనడం దాని మామూలు అమరిక. ఇందులోనూ ఒక బోల్తా ఉంది. డేట్ లేదు, మెసేజ్-ఐడీ లేదు, పలకరింపులో లోకల్‌హోస్ట్ అని ఉంది. ఇవి మూడు వేర్వేరు సాక్ష్యాల్లా కనిపిస్తాయి. మూడూ ఒకే నాసిరకం స్క్రిప్టు నుంచి పుట్టి ఉంటే నిజానికి సాక్షి ఒక్కడే. మూడుసార్లు మార్కులు వేస్తే, స్కానర్ నుంచి నేరుగా మెయిల్ పంపే ఆఫీసు కాగితాలన్నీ స్పామ్‌లోకి పోతాయి.

తిప్పి పంపాలా, ఓర్చుకోవాలా

ఇక్కడ రెండు వాదాలున్నాయి, రెంటిలోనూ పస ఉంది. "పంపేటప్పుడు నియమం తప్పకు, తీసుకునేటప్పుడు ఉదారంగా ఉండు" అన్నది 1980 నుంచి ఇంటర్నెట్‌లో నడిచిన సూత్రం. ఇంటర్నెట్ తొలి రూపకర్తల్లో ఒకరైన జాన్ పోస్టెల్ పేరుమీద దాన్ని చెబుతారు. ఆ ఉదారతవల్లే నాసి సాఫ్ట్‌వేర్ కూడా ప్రపంచంతో మాట్లాడగలిగింది, మెయిల్ ఇంతగా పాకింది. మందుల దుకాణం, చిన్న బడి కొత్త సాఫ్ట్‌వేర్ కొనలేవు. వాటి తప్పును మనం సర్దుకుంటే పోయేదేమీ లేదని ఈ పక్షం అంటుంది.

రెండో పక్షం అంటుంది: తప్పును ఓర్చుకున్న ప్రతి సర్వరూ దాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుంటుంది. ఆ అర్థాల మధ్య సందులోంచే రెండు ఫ్రమ్‌ల మోసం దూరింది. పోస్టెల్ సూత్రాన్ని అలా పాటించడం మంచిది కాదని 2023లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9413 కూడా వాదించింది.

దుకాణదారు వైపు నుంచి చూస్తే ఈ వాదంలో ఒక విషయానికి ఎక్కువ బరువుంది. తప్పున్న మెయిల్‌ను 550తో తిప్పి పంపితే కారణం రాసి తిరిగి వస్తుంది, ఎవరో ఒకరు చూసి సరిచేస్తారు. స్పామ్‌లో పడేస్తే పంపినవాడికి "పోయింది" అని కనిపిస్తుంది, అందుకోవాల్సినవాడికి ఏమీ కనిపించదు. కఠినంగా ఉన్న జీమెయిల్ కంటే మెత్తగా ఉన్న కంపెనీ సర్వర్ ఆ అడ్తి దుకాణానికి ఎక్కువ నష్టం చేసింది. వారం రోజుల తక్‌పట్టీలు చప్పుడు లేకుండా మాయమయ్యాయి. అలాగని దేన్నిబడితే దాన్ని తిప్పి పంపలేం. రెండు ఫ్రమ్‌లు, శూన్య సంకేతం, అసలు ఫ్రమ్‌లో చిరునామాయే లేకపోవడం తిప్పి పంపాల్సినవి. చుక్క, తెలుగు మూట, -0700 ఓర్చుకోవాల్సినవి. మధ్యలో ఉన్నవాటికే మార్కుల పద్ధతి పనికొస్తుంది.

మొదటి రెండు మెయిళ్లను విప్పి చూస్తే

కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మెయిల్ పక్కన మూడు చుక్కల్లో షో ఒరిజినల్ నొక్కితే హెడర్లన్నీ కనిపిస్తాయి. ఫోన్ యాప్‌లో ఈ సదుపాయం లేదు. దుకాణం తన మెయిల్‌నే ఒక పరిచయస్తుడి జీమెయిల్‌కు పంపి చూద్దామంటే, ఫ్రమ్‌లో ఇద్దరున్నారన్న కారణంతో తిరిగొచ్చే అవకాశమే ఎక్కువ. ఆ తిరిగొచ్చిన కాగితమే రోగ నిర్ధారణ. కంపెనీ స్పామ్ ఫోల్డర్‌లో దొరికిన నకలును విప్పితే మూడు విషయాలు తేలతాయి. ఫ్రమ్‌లో కొటేషన్ లేని కామా, కవరు మీద బిల్లింగ్ కంపెనీ డొమైన్, దుకాణం డొమైన్‌తో డీకిమ్ ముద్ర లేకపోవడం. కామా ఒక్కటి దిద్దితే ఫ్రమ్ చదవడానికి వస్తుంది కానీ డీమార్క్ నెగ్గదు. ఎందుకంటే నెగ్గిన ఎస్‌పీఎఫ్ బిల్లింగ్ కంపెనీది, దుకాణానిది కాదు. బిల్లింగ్ కంపెనీ ఇచ్చే, ముద్రను సరిచూసే తాళపు వరుసను దుకాణం డొమైన్‌లో పెట్టి, దుకాణం పేరుతోనే డీకిమ్ ముద్ర పడేలా చేస్తే అదీ తీరుతుంది.

కేవైసీ మెయిల్ విప్పితే తేదీ సరిగా ఉంది, మెసేజ్-ఐడీ ఉంది, ఒకే ఫ్రమ్, ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ పాస్. రిసీవ్డ్ గొలుసులో ఒక్క సెకను కూడా వెనక్కి నడవలేదు. కనిపించే పేరు బ్యాంకుది. కోణపు బ్రాకెట్ల మధ్య, @ తర్వాత ఉన్నది మాత్రం బ్యాంకు డొమైన్ కాదు. ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ ఉన్నాయి.